హోటల్లో కాలేజీ కోచ్ కనిపిస్తే పలకరించాలా, వదిలేయాలా?

బాపట్ల బాబు (కేరీ):
సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పండి. నార్త్ కరొలైనాలో మన రాలీ, డర్హమ్, చాపెల్ హిల్ చుట్టుపక్కల సినిమా హీరోలు లేరు. ఇక్కడ హీరోలంటే బాస్కెట్‌బాల్ కోచ్‌లే. డ్యూక్, యూఎన్‌సీ (చాపెల్ హిల్‌లోని నార్త్ కరొలైనా యూనివర్సిటీ), ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీలు మూడూ కారెక్కితే అరగంట. అలాంటి కోచ్ ఒకాయన హోటల్లో పక్క టేబుల్ దగ్గర కనిపిస్తే వెళ్లి రెండు ముక్కలు మాట్లాడటం తప్పా? మా ఇంట్లో తప్పంటున్నారు. నేను కాదంటున్నాను.

నేను అమెరికా నేర్చుకున్నది ‘ది యాండీ గ్రిఫిత్ షో’ చూసి. తెలియని వాళ్ల కోసం: 1960 నుంచి 1968 దాకా సీబీఎస్‌లో వచ్చిన కామెడీ. మేబెర్రీ అని నార్త్ కరొలైనాలో ఒక చిన్న ఊరు, షెరిఫ్ యాండీ టేలర్, కంగారుపడే డిప్యూటీ బార్నీ ఫైఫ్, కొడుకు ఓపీ, ఇంట్లో వండిపెట్టే ఆంట్ బీ. ఆ ఊరి తాగుబోతు ఓటిస్ అయితే గోడకున్న తాళంచెవి తనే తీసుకుని, సెల్ తలుపు తెరుచుకుని లోపల పడుకుంటాడు. షెరిఫ్‌తో అంత చనువు! గ్రిఫిత్ ఈ రాష్ట్రం వాడే. మౌంట్ ఏరీలో పుట్టాడు, 1949లో చాపెల్ హిల్‌లో డిగ్రీ తీసుకున్నాడు. ఇక్కడ మనుషుల్ని పలకరించకపోతేనే తప్పు అని నా ఉద్దేశం.

మోరిస్‌విల్ మరదలు:
తినేటప్పుడు ఎవర్నీ కదిలించకూడదు బావగారూ. ఐపోయింది చర్చ.

గుడివాడ గోపి:
అడగాలి అన్నా! ఎన్టీఆర్ మద్రాసులో ఉన్నప్పుడు తిరుపతి యాత్ర బస్సులు తిరుమల అయ్యాక నేరుగా ఆయన ఇంటి ముందే ఆగేవి. దేవుణ్ని చూసి ఈయన్ని చూసేవాళ్లు. అభిమానం అంటే అది.

పళ్ల డాక్టరమ్మ:
గోపి గారూ, ఎన్టీఆర్ గారు ఆ జనం కోసం బయటికి వచ్చి నిలబడేవారు. అది ఆయన ఇష్టం. పప్పు కలుపుకుంటున్న ఆయన చెయ్యి పట్టుకుని ఎవరూ లాగలేదు.

నా బాధ చెబుతా వినండి. నేను డెంటిస్టుని. ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు ఏరుకుంటుంటే ఒక పెద్దాయన దగ్గరికొచ్చి “అమ్మా, ఈ వెనక పన్ను” అని అక్కడే నోరు తెరిచి, వేలితో చెంప పక్కకి లాగి చూపించారు. నా చేతిలో కరివేపాకు కట్ట, వెనక కార్ట్‌తో క్యూ. చూడనంటే పొగరంటారు. చూస్తే ఇంకొకరు వస్తారు. చిన్న ఊరి డెంటిస్టుకే ఇంత ఉంటే, టీవీలో కనిపించే కోచ్ సంగతి ఏమిటి?

ఇక మీ షో గురించే చెబుతా బాబు గారూ. ఆంట్ బీ వేషం వేసిన ఫ్రాన్సెస్ బేవియర్ న్యూయార్క్ మనిషి. ఈ షోలో పాత్రకి 1967లో ఎమ్మీ టీవీ అవార్డు కూడా వచ్చింది. 1972లో మన పక్కనే ఉన్న సైలర్ సిటీకి వచ్చి ఇల్లు కొనుక్కుంది, ప్రశాంతంగా ఉందామని. అభిమానులు ఆ ఇంటి దగ్గరికి వెళ్లి ఆంట్ బీని చూపించమనేవాళ్లు. చివరికి ఆవిడ తలుపులేసుకుని పిల్లులతో ఉండిపోయింది. 1989లో పోయింది. మీరు చెప్పే పలకరింపు ఒక ముసలావిడని ఇంట్లో బంధించింది.

లెక్కల మాస్టారు:
ఒక ముఖ్యమైన విషయం ఎవరూ అడగట్లేదు. ఆ కోచ్ ఏ కాలేజీ? యూఎన్‌సీ, ఎన్‌సీ స్టేట్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు. అంటే వాళ్ల కోచ్ రాష్ట్ర ఉద్యోగి. డ్యూక్ ప్రైవేటు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలో ఎక్కువ జీతం కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌కో బాస్కెట్‌బాల్ కోచ్‌కో ఉంటుంది. తహసీల్దారుని పలకరించే హక్కు మనకు ఉన్నప్పుడు యూఎన్‌సీ కోచ్‌ని పలకరించే హక్కూ ఉంటుంది. డ్యూక్ కోచ్‌ని మాత్రం వదిలేయాలి.

మోరిస్‌విల్ మరదలు:
మాస్టారూ, తహసీల్దారు భోంచేస్తుంటే వెళ్లి పాస్‌బుక్ అడుగుతామా?

లెక్కల మాస్టారు:
అడిగాను. ఇచ్చాడు.

బాపట్ల బాబు:
డాక్టరమ్మా, కథలో మీకు కావలసిన సగమే చెప్పారు. ఆవిడ పోతూ సైలర్ సిటీ పోలీసులకి లక్ష డాలర్లు ట్రస్టు పెట్టి వెళ్లింది, దాని మీద వడ్డీ ఏటా క్రిస్మస్‌కి వాళ్లకి బోనస్‌గా ఇవ్వమని. ఊరంటే ఇష్టం లేని మనిషి అలా చేస్తుందా?

పళ్ల డాక్టరమ్మ:
పోలీసులకే ఎందుకు పెట్టిందో మీరే ఆలోచించండి! గుమ్మం ముందు గుంపుని పంపించేసింది వాళ్లే కదా.

బాపట్ల బాబు:
అది మీ ఊహ. ట్రస్టు నిజం, లక్ష నిజం. మిగతాది ఊహ.

పళ్ల డాక్టరమ్మ:
ఇష్టంతో ఇచ్చిందన్నదీ ఊహే. మీ ఊహకి మాత్రం ముద్ర వేసుకున్నారు.

గుడివాడ గోపి:
లక్ష డాలర్లా!! 1989లోనా!

ఇక్కడే పుట్టినోడు:
నేను కేరీలో పుట్టి పెరిగాను, తెలుగు కొంచెం తడబడుతుంది, సర్దుకోండి. రెండు విషయాలు.

మేబెర్రీ ఈ రాష్ట్రంలో లేదు అంకుల్. షో మొదట్లో తండ్రీకొడుకులు చేపల గాలాలు పట్టుకుని నడిచే ఆ చెరువు గట్టు లాస్ ఏంజెలిస్ దగ్గర ఫ్రాంక్లిన్ కాన్యన్. ఊరి వీధులు కల్వర్ సిటీలో వేసిన సెట్. మౌంట్ ఏరీలో ఇప్పుడు పాత పోలీసు కారులో డబ్బులిచ్చి తిరగొచ్చు, సెప్టెంబరులో మేబెర్రీ డేస్ చేస్తారు. అదంతా షో తర్వాత షో కోసం వచ్చిందే. ఇక్కడ రాలీ పుల్లెన్ పార్కులో యాండీ, ఓపీల విగ్రహం కూడా అంతే.

ఇంకోటి. 249 ఎపిసోడ్‌ల షోలో చెప్పుకోదగ్గ డైలాగులున్న నల్లజాతి పాత్ర ఒక్కటి. 1967లో ఫ్లిప్ కాన్రాయ్ అని, ఊరికి తిరిగొచ్చిన ఫుట్‌బాల్ ఆటగాడు. పిల్లలకి కోచింగ్ ఇస్తాడు. ఎనిమిదేళ్లలో ఒక్క మనిషి, అదీ కోచ్‌గా. అందరికీ తలుపు తెరిచిన ఊరు అంటే నాకు నవ్వొస్తుంది.

బాపట్ల బాబు:
తమ్ముడూ, అరవైల్లో తీసిన షోని ఇప్పటి కళ్లతో చూస్తే ఏదీ మిగలదు. మరి ఇక్కడి కోచ్‌ల సంగతి కూడా చెప్పు. యూఎన్‌సీ కోచ్ డీన్ స్మిత్ చాపెల్ హిల్‌కి వచ్చిన తొలి ఏళ్లలో, పేరు రాకముందే, తన చర్చి పాస్టరుతోనూ ఒక నల్లజాతి విద్యార్థితోనూ కలిసి తెల్లవాళ్లకి మాత్రమే వడ్డించే హోటల్‌కి వెళ్లి కూర్చున్నాడు. తర్వాత చార్లీ స్కాట్‌ని తెచ్చి ఆడించాడు. యూఎన్‌సీలో స్కాలర్‌షిప్ మీద ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు. 879 విజయాలు, రెండు జాతీయ టైటిళ్లు, 1982, 1993. 2015లో ఆయన పోయాక విల్లు చూస్తే, తన దగ్గర ఆడి లెటర్ (జట్టులో ఆడినందుకు కాలేజీ ఇచ్చే గుర్తింపు) తెచ్చుకున్న ఒక్కొక్కరికీ 200 డాలర్లు, నా తరఫున బయట భోంచేయండి అని. ఇలాంటి వాళ్లు హోటల్లో మనిషిని చూసి మొహం తిప్పుకుంటారా?

పళ్ల డాక్టరమ్మ:
ఆ విల్లు ఆయన ఆటగాళ్లకి బాబు గారూ. పక్క టేబుల్ వాళ్లకి కాదు. పైగా పొగడ్తలంటే స్మిత్‌కి పడదు. 1986లో కట్టిన స్టేడియానికి తన పేరు పెడతామంటేనే ఇబ్బంది పడ్డాడు.

గుడివాడ గోపి:
ఎన్‌సీ స్టేట్ కోచ్ జిమ్ వాల్వానో గుర్తున్నాడా? 1983 జాతీయ ఫైనల్లో హ్యూస్టన్ మీద 54-52 గెలిచాక ఎవర్ని కౌగిలించుకోవాలో తెలీక కోర్టంతా పరిగెత్తాడు. ఆయనైతే మనల్నే పిలిచి ఫోటో దిగేవాడు అన్నా.

లెక్కల మాస్టారు:
ఎన్‌సీ స్టేట్. ప్రభుత్వ ఉద్యోగి. నేను చెప్పిందదే.

మోరిస్‌విల్ మరదలు:
పలకరించడానికి వేరే చోట్లున్నాయి కదండీ. కోచ్‌ల రేడియో షోలు జనం ముందే చేస్తారు, వెళ్లి కూర్చుని ప్రశ్న కూడా అడగొచ్చు. డ్యూక్‌లో పిల్లలు మ్యాచ్ చూడటానికి కామెరాన్ స్టేడియం బయట టెంట్లు వేసుకుని వారాల తరబడి చలిలో పడుకుంటే వాళ్ల అప్పటి కోచ్ కె (మైక్ షెషెఫ్‌స్కీ) పిజ్జాలు తెప్పించి, లోపలికి పిలిచి మాట్లాడేవారు. అది అభిమానుల చోటు. హోటల్ కాదు.

ఇక్కడే పుట్టినోడు:
+1. అంకుల్, ఏమీ అనుకోకండి, అసలేం జరిగింది? ఇంట్లో తప్పంటున్నారు అన్నారు. ఉత్త హలోకి ఎవరూ తప్పనరు.

బాపట్ల బాబు:
అది అనవసరం. ప్రశ్న జనరల్‌గా అడిగాను.

పళ్ల డాక్టరమ్మ:
జనరల్ ప్రశ్నకి ఇంత కోపం రాదు.

బాపట్ల బాబు:
వస్తుంది! మీలాంటి వాళ్ల వల్లే వస్తుంది. ఇక్కడ ఇరవై ఏళ్లుండి పక్కింటి పేరు తెలియకుండా బతికేది మనమే. మనవాళ్ల పెళ్లిలో తెలిసినవాళ్లని తోసుకుంటూ వెళ్లి సెల్ఫీలు దిగుతాం, ఒక తెల్లాయన కనిపించగానే మర్యాద గుర్తొస్తుంది. అది మర్యాద కాదు, జంకు.

సరే, చెబుతా. మా వాడికి పద్నాలుగు. స్కూల్ టీమ్ ట్రైఔట్స్‌లో మొదటి రోజే లిస్టులోంచి తీసేశారు. కారణం చెప్పలేదు. డ్రైవ్‌వేలో రాత్రి లైటేసుకుని ఆడతాడు, బంతి చప్పుడికి పక్కింటాయన నుంచి రెండుసార్లు మాట పడ్డాం. ఆ కోచ్ కనిపిస్తే వీణ్ని రమ్మన్నా. రాలేదు. నేనొక్కణ్నే వెళ్లా. నమస్తే చెప్పి, మా వాడు ఆడతాడండీ, ఒక్క నిమిషం చూస్తారా, ఫోన్లో వీడియో ఉంది అన్నా. ఆయన నవ్వి, భోంచేశాక అన్నారు. మేం బిల్లు కట్టి చూసేసరికి ఆ టేబుల్ ఖాళీ. మా వాడు అప్పట్నుంచి నాతో మాట్లాడట్లేదు. ఇందులో నా తప్పేంటి?

గుడివాడ గోపి:
ఆయన వెళ్లిపోవడం తప్పన్నా.

మోరిస్‌విల్ మరదలు:
అయ్యో. వీడియో చూపించారా బావగారూ...

పళ్ల డాక్టరమ్మ:
మరి మొదట్నుంచీ పలకరింపు, మేబెర్రీ అని ఎందుకు తిప్పారు? పలకరిస్తే ఎవరూ కాదనరు. మీరు వెళ్లింది సిఫారసు కోసం. నాకు పన్ను చూపించిన పెద్దాయనకీ మీకూ తేడా లేదు, ఆయన కనీసం తన పన్నే చూపించాడు. మీరు రానన్న పిల్లాణ్ని చూపించారు.

బాపట్ల బాబు:
సిఫారసే! అయితే ఏంటి? ఆ టీమ్‌లోకి వచ్చిన పిల్లల్లో సగం మంది తండ్రులు ఎక్కడో ఒకచోట ఆడినవాళ్లే, ఆ స్కూల్ కోచ్‌కి వాళ్ల ఇంటి పేర్లు తెలుసు. వేసవి క్యాంపులో చేర్చాలని, బయటి టీముల్లో ఆడించాలని వాళ్లకి తెలుసు. నాకెవరు చెప్పారు? నాకు క్రికెట్ అయితే నలుగురు తెలుసు. ఇక్కడ నాకు తెలిసిన కోచ్ టీవీలో కనిపించేవాడొక్కడే. తెలిసినవాళ్లున్న వాళ్లు మర్యాదగా ఉండగలరు డాక్టరమ్మా. లేనివాడు వెళ్లి అడగాలి.

నాకిష్టమైన షోలోనే ఉంది. మొదటి సీజన్‌లో ఎడ్ సాయర్ అని ఒకడు మేబెర్రీకి వస్తాడు. ఎప్పుడూ రాని ఊరు, కానీ అక్కడి పేపరు తెప్పించుకుని చదివి అందరి పేర్లూ, అందరి సంగతులూ తెలుసుకున్నాడు. దారిలో కనిపించిన వాళ్లందర్నీ పేరు పెట్టి పలకరిస్తాడు. ఊరంతా భయపడి వెళ్లగొట్టబోతుంది. యాండీ మందలించింది ఎవర్ని? ఊరిని.

ఇక్కడే పుట్టినోడు:
ఆ ఎపిసోడ్ నేనూ చూశాను అంకుల్. ఎడ్ సాయర్ ఒక్కడే వచ్చాడు. వెనక టేబుల్ దగ్గర కూర్చుని నేలకేసి చూసే కొడుకు లేడు.

మా నాన్న కూడా ఇలాగే చేశారు, వేరే ఆట, వేరే మనిషి. నాకు ఆ పెద్దమనిషి ఏమనుకున్నాడన్నది కాదు బాధ. నన్ను తీసేశారన్న సంగతి నేను ఎవరికీ చెప్పకముందే నాన్న చెప్పేశారు. అది నాది, నేనే చెప్పాలి. మీ వాడు ఇదే అంటున్నాడని కాదు. అడిగి చూడండి.

బాపట్ల బాబు:
తండ్రికి కూడా చెప్పుకోకూడదా?

ఇక్కడే పుట్టినోడు:
తండ్రికి చెప్పుకున్నాడుగా అంకుల్. కోచ్‌కి చెప్పింది మీరు.

పళ్ల డాక్టరమ్మ:
తెలిసినవాళ్లు లేరన్న మాట ఒప్పుకుంటాను. మా ఇంట్లోనూ అదే, ఈత పోటీల ఫారం గడువు దాటాక తెలిసింది మాకు. కానీ అది స్కూల్లో అడగాలి, మిగతా తల్లిదండ్రుల్ని అడగాలి. వాళ్లు మీ పక్కనే గ్యాలరీలో కూర్చుంటారు, అన్నం తింటూ ఉండరు.

బాపట్ల బాబు:
వాళ్లని అడగడం కన్నా జాతీయ టైటిల్ గెలిచినాయన్ని అడగడం నాకు తేలిక. మీకు అర్థం కాదు.

మోరిస్‌విల్ మరదలు:
నాకు అర్థమైంది.

లెక్కల మాస్టారు:
టైటిల్ గెలిచినాయన అంటే కొద్దిమందే. ఇంతకీ యూఎన్‌సీనా, డ్యూకా?

ఇక్కడే పుట్టినోడు:
అంకుల్, మేం ఆదివారం పొద్దున కేరీలో ఒక పార్కు కోర్టులో ఆడతాం. పెద్దాళ్లం, చిన్నాళ్లం కలిపి. మీ వాడు కావాలంటే రావొచ్చు. చోటు మెసేజ్‌లో పెడతా, వాడికి ఇవ్వండి. మీరు కారులో కూర్చోవాలి.

బాపట్ల బాబు:
కారులో ఎందుకు కూర్చోవాలి? కోర్టు ప్రభుత్వానిదే కదా.

లెక్కల మాస్టారు:
అది కరెక్ట్.

పళ్ల డాక్టరమ్మ:
తమ్ముడూ, చోటు నాకూ పెట్టు. మా అమ్మాయిని పంపిస్తా. నేను మాత్రం కారులోంచి దిగను.