చూసి రాస్తే ముత్యాలు, చెబితే ఒక్క మాట రాయడు. ఏం చేయాలి?

కొత్త టీచర్, నల్గొండ జిల్లా:

అందరికీ నమస్తే. 2024 డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా వచ్చాను. మాది ఇద్దరు టీచర్ల బడి. ఒకటి నుంచి మూడో తరగతి దాకా ముప్పై ఒక్కమంది నా దగ్గరే ఉంటారు. మూడో తరగతిలో ఒక బాబు బోర్డు చూసి రాయమంటే ముత్యాల్లా రాస్తాడు. నేను చెప్పి రాయమంటే మాత్రం పెన్సిల్ కదలదు. నిన్న 'తమ్ముడు' అని చెప్పాను. 'త' రాశాడు, చెరిపాడు, మళ్లీ రాశాడు, మళ్లీ చెరిపాడు. కాగితం చిరిగింది. తల బల్ల మీద పెట్టేసుకున్నాడు. ఎంత గట్టిగా నొక్కుతాడంటే కింది పేజీలో కూడా అచ్చు పడుతుంది.

పైగా రాత పని అనగానే "మేడం, పెన్సిల్ ఇరిగింది", "మేడం, వీడు నా రబ్బర్ తీసుకున్నడు" అంటూ పది నిమిషాలు పోతాయి. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్, కరీంనగర్:

అమ్మా, చూచిరాత బొమ్మ గీయడం లాంటిది. అక్షరం పేరు తెలియకపోయినా గీసేయొచ్చు. చెబితే రాయాలంటే శబ్దం విని, అక్షరం గుర్తు తెచ్చుకుని, గుణింతం తగిలించాలి. ఆ పిల్లాడికి 'తమ్ముడు' పెద్ద కొండ. మకు కొమ్ము, కింద మ ఒత్తు, మళ్లీ డకు కొమ్ము. కొన్నాళ్లు 'పలక', 'తల' లాంటివి చెప్పండి. తర్వాత గుణింతాల మాటలు, ఆ తర్వాతే 'అమ్మ', 'అక్క'. చెప్పగానే రాయనివ్వకండి. ముందు చప్పట్లు కొట్టించండి. త, మ్ము, డు, మూడు చప్పట్లు. ఒత్తు వచ్చినచోట గట్టిగా కొట్టమనండి. నోటితో, చేతితో అయ్యాకే పెన్సిల్.

పిడికిలి బిగించి పట్టుకుంటున్నాడేమో చూడండి. నేనైతే వేలెడంత పెన్సిల్ ముక్క ఇచ్చేదాన్ని. ముక్క చిన్నదైతే పిడికిట్లో ఇమడదు, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వాటంతట అవే చేరతాయి. కొన్నాళ్లు పలక మీద కూడా రాయించండి. తుడిస్తే పోతుంది కాబట్టి తప్పంటే భయం ఉండదు.

రబ్బర్లన్నీ బీరువాలో పెట్టేయండి. తప్పయితే ఒక గీత కొట్టి పక్కన రాయాలి, అంతే. మీరు కూడా పదం మీద ఎర్ర పెన్ను పెట్టకండి. తప్పున్న వరుస చివర చిన్న చుక్క పెట్టండి, ఏది తప్పో పిల్లలే వెతుక్కుంటారు. పెన్సిళ్ల గోలకు ఒక రేకు డబ్బా చాలు. పొద్దున్నే చెక్కిన పెన్సిళ్లు పది వేసి ఉంచండి. మొన విరిగినవాళ్లు మాట్లాడకుండా వచ్చి, విరిగింది వేసి చెక్కింది తీసుకెళ్లాలి.

ఒకటి మాత్రం మరిచిపోకండి. నా దగ్గర ఒక పాప ఏడాదంతా ఏమీ రాయలేదు. ఒకరోజు ఆలస్యంగా వచ్చి "మా బర్రె ఈనింది టీచర్, దూడకు నొసట తెల్ల మచ్చుంది" అంది. 'గేదె' అని మార్చకుండా అలాగే బోర్డు మీద రాశాను. తన మాట బోర్డు మీద చూసుకుని ఆ పాప కళ్లు ఇంతలేసి అయ్యాయి. సాయంత్రానికి బడి గోడ మీద బొగ్గుతో 'మా బర్రె' అని రాసి ఉంది. ఆ గోడకు సున్నం వేయడానికి నాకు మనసొప్పలేదు.

ఒక అమ్మ, విజయవాడ:

ఎడమచేతి వాటమేమో కూడా చూడండి మేడం. మా పాపను మొదటి బడిలో కుడిచేత్తో రాయమని వేళ్ల మీద కొట్టేవారు. రాత అంటేనే ఏడ్చేది. బడి మార్చాక కొత్త టీచర్ బెంచీకి ఎడమ కొసన కూర్చోబెట్టి, పుస్తకం పై అంచు కాస్త కుడివైపు వాల్చారు. మోచెయ్యి పక్కవాళ్లకు తగలడం ఆగింది. రాసింది అరచేతికి అంటుకోవడం కూడా తగ్గింది.

ప్రైమరీ టీచర్, వరంగల్:

తప్పు రాసిన మాటను పదిసార్లు రాయించకండి. మూడోసారి నుంచి చెయ్యి మాత్రమే పనిచేస్తుంది. రోజుకు మూడే మాటలు, మర్నాడు అందులో ఒకటి మళ్లీ అడగండి.

కొత్త టీచర్, నల్గొండ జిల్లా:

మూడు వారాలైంది. బాబుది కుడిచేతి వాటమే, పెన్సిల్ మాత్రం పిడికిలి బిగించి పట్టుకుంటున్నాడు. చిన్న ముక్క ఇచ్చాక అచ్చు పడటం తగ్గింది. డబ్బాకు మొదటి రెండు రోజులు తోపులాట జరిగింది, ఇప్పుడు ఎవరూ నన్ను పిలవడం లేదు.

నిన్న బాబును వాళ్లింటి సంగతి ఒకటి చెప్పమన్నాను. "మా తాత తాటిచెట్టు ఎక్కుతడు" అన్నాడు. మీలా నేను బోర్డు మీద రాయలేదు, వాడినే రాయమన్నాను. 'ఎకుతడు' అని రాశాడు. వరుస చివర చుక్క పెట్టాను. చాలాసేపు చూశాడు. తర్వాత బల్ల కింద మెల్లగా చప్పట్లు కొట్టుకుని, క కింద ఒత్తు తనే పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది మేడం. 'ఎక్కుతడు'ను 'ఎక్కుతాడు' అని దిద్దాలా?

రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్, కరీంనగర్:

ఇప్పుడు వద్దమ్మా. పుస్తకంలో ఆ మాట వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన రాసి చూపిద్దురు గాని. తాత చెట్టెక్కి ఏం తెస్తాడో రేపు అడగండి.