చెన్నై మెట్రోకు జపాను రుణం: ఏ కాగితాన్ని నమ్మాలి?

వడపళని విద్యార్థి: మెట్రో రెండో దశకు జపాను ప్రభుత్వ సహకార సంస్థ జైకా ఇచ్చిన తొలి విడత రుణం మీద వ్యాసం రాస్తున్నాను. ఒకచోట 7,551 కోట్లని, మరోచోట అంతకంటే బాగా తక్కువని ఉంది. నమ్మదగిన ఆధారం ఏది?

లెక్కల మాస్టారు: 2018 డిసెంబరులో కుదిరిన ఒప్పందం 7,551.9 కోట్ల యెన్లది బాబూ. ఎవరో యెన్లు మింగి కోట్లు మిగిల్చారు! అప్పట్లో యెన్ అరవై పైసల పైచిలుకు. జైకా ప్రకటన చూడండి. వడ్డీ, తీర్చే గడువు పట్టికలో ఉంటాయి. ముందస్తు మదింపు పత్రం కూడా చదవండి.

పనగల్ పార్కు: అప్పిచ్చినవాడి చిట్టాయే సాక్ష్యమా? తీసుకున్నది భారత ప్రభుత్వం. ఆర్థిక వ్యవహారాల శాఖను అడగాలి.

పెరంబూరు పాఠకురాలు: విదేశాంగ శాఖ సైటులో ఒప్పందాల జాబితా ఉందిగా?

లెక్కల మాస్టారు: ముందు రెండు ప్రభుత్వాలు దౌత్య పత్రాలు (నోట్లు) మార్చుకుంటాయి, తర్వాత జైకాతో రుణ ఒప్పందం. రెండూ వేర్వేరు కాగితాలమ్మా.

పనగల్ పార్కు: రూపాయల్లో ఎంతో చెప్పండి.

లెక్కల మాస్టారు: ఏ రోజు ధరకు?

పనగల్ పార్కు: దాటవేయకండి.

తాంబరం: దేశాలిచ్చే సాయాల లెక్కలు ఉంచే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ పట్టికలో అయితే డాలర్లు.

లెక్కల మాస్టారు: పనగల్ గారూ, యెన్‌కూ రూపాయికీ తేడా తెలియకుండా వాదనకు దిగకండి.

పనగల్ పార్కు: నాకు తెలిసిన తేడా వేరు. మెట్రో కాదు, విదేశీ అప్పుతో సాగిన వేరే పని. మా నాన్నగారి టైలరింగ్ దుకాణం ముందు పద్నాలుగు నెలలు రేకుల కంచె. పది రూపాయల స్టాంపు అతికించి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. వచ్చిన జవాబు ఒక్క పంక్తి: సెక్షన్ 8(1)(ఎ), విదేశాలతో సంబంధాలు.

లెక్కల మాస్టారు: మొదటి అప్పీలు వేశారా? ముప్పై రోజులు గడువు ఉంటుంది.

పనగల్ పార్కు: కుట్టుమిషను అమ్మేసిన తర్వాత అప్పీలు ఎవరికండీ? అప్పు ఎంతో మీకు కావాలి. అందులో మా దుకాణానికి ఏం రాసుకున్నారో నాకు కావాలి.

లెక్కల మాస్టారు: ఆ మాట మొదటే అనవలసింది. అది రుణ ఒప్పందంలో కాదు, పునరావాస ప్రణాళికలో వెతకాలి. ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు) వంటివి అప్పిచ్చిన ప్రాజెక్టు పేజీలోనే దాన్ని పెడతాయి. మీ వీధి పనికి అప్పు ఎవరిది?

పనగల్ పార్కు: బోర్డు మీద ఉండేది. కంచెతో పాటే పీకేశారు.

వడపళని విద్యార్థి: మరి నేను యెన్లలో రాయాలా, రూపాయల్లోనా?

పెరంబూరు పాఠకురాలు: యెన్లలో. రూపాయలు కూడా వేస్తే మారకపు తేదీ రాయండి.