పోతన కందంల "భయయోగమునన్": మొదటక్షరం భ యా, ల యా?

పాలకుర్తి బిడ్డ: పెద్దలకు నమస్తే. పోతన భాగవతం సప్తమ స్కంధంల కీటకం, భ్రమరం కందం ఉన్నది గద, భ్రమరం పురుగును తెచ్చి చుట్టూ తిరిగితే కలతపడ్డ పురుగు భ్రమరం రూపమే పొందుతదని చెప్పేది, దాని ఆఖరి పాదం పొద్దటి సంది నోట్లె నానుతున్నది. "బాటించి వహించుఁ గాదె" దాకా వస్తున్నది, ఆ తర్వాత మా ఊర్లె ఒక పెద్దాయన "లయయోగమునన్" అని చదివేటోడు, పుస్తకంల "భయ" అని చూసినట్టు యాది. ఏది ఖాయం?

ఛందోప్రియ: భయయోగమే తమ్మీ. పాదం మొదటి అక్షరం బా కు నాలుగో గణం మొదట యతి, అంటే దానికి సరిపడే అక్షరం, పడాలె, భ అయితే పడ్తది, ల ఎట్ల పడ్తది? గణాలు రెంటికీ కుదురుతయి కాబట్టే నోటి పాఠంల దొర్లింది. ఎవరన్న "ధ్యానయోగం" అన్నా ర గణం అయితది, కందంల దానికి చోటే లేదు.

మడికొండ: యతి ఒక్కటే కాదు సార్, సందర్భం చూడుండ్రి. భయంతో తలిచినా హరిని చేరొచ్చని నారదుడు ధర్మరాజుకు చెప్పే చోటు అది, "లయ" అంటే వాదమే కూలిపోతది. నా పట్టు భ్రమరం మీద. సంస్కృత మూలంల పేశస్కృత్తు అని ఉన్నది, అది తుమ్మెద కాదు, గోడకు మట్టిగూడు పెట్టే కందిరీగ. బమ్మెరల నాగలి పట్టిన మనిషి, ఇంటి గోడ మీద చూసే రాసిండు.

ఛందోప్రియ: పోలిక మూలంలనే ఉన్నప్పుడు ఇంటి గోడ చూసుడు ఎందుకు అన్నా?

జువాలజీ టీచర్: కందిరీగే సార్. పచ్చపురుగును కుట్టి కదలకుండ చేసి గూట్లె పెడ్తది, గుడ్డు పెట్టి మూసి పోతది, తర్వాత బయటికొచ్చేది మారిన పురుగు కాదు, దాన్ని తిని పెరిగిన కందిరీగ బిడ్డ. ఆ బిడ్డ తల్లిని చూడనే చూడదు, అయినా కొన్నిట్ల తల్లి కబురు అందుతది. యూరప్‌ల తేనెటీగలను వేటాడే ఫిలాంథస్ అనే కందిరీగ గూడు మూసే ముందు మీసాల గ్రంథుల నుంచి తెల్లటి ముద్ద తీసి పైకప్పుకు పూస్తది. అందుల స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా ఉంటది, బిడ్డ దాన్ని తన పట్టుగూడు దారంల కలుపుకుంటది, బూజు రాదు. ఇంకా, ఆ ముద్ద ఉన్న దిక్కే బయటికి తొవ్వ అని బిడ్డకు ఎరుకైతది. గుడ్డు కూడా ఊకోదు, నైట్రిక్ ఆక్సైడ్ వదిలి తిండికి బూజు పట్టకుండ చూస్తదని 2019ల తేల్చిండ్రు. నాకైతే భ్రమరం రొదకే పురుగు మారిందని చెప్పుకునే కథ కన్న ఈ పూతే గొప్పగ అనిపిస్తది.

ఛందోప్రియ: మేడం, రొద అసలు పద్యంల ఎక్కడున్నది? "బంభ్రమింప" అంటే మళ్లమళ్ల చుట్టూ తిరగడం, ఝుంకారం కాదు. ఆ రొద చెప్పుకునేటోళ్లు కలిపింది.

మడికొండ: తిరిగితే రెక్కలు మోగవా సార్? "బం", "భ్ర", "భ్రాం" అని వరుసగ వేసి చెవిల మోగించింది ఎవరు మరి? పోతన శబ్దంతోనే చెప్తడు, నిఘంటువుతోని కొలిస్తే ఎట్ల.

పాలకుర్తి బిడ్డ: భ ఒప్పుకున్న సార్. కానీ "బాటించి", అంటే పాటించి, దాని సంగతి? పురుగు ఆ రూపాన్ని గౌరవించిందా, గమనించిందా, ఊరికె పాదం నింపిందా?

ఛందోప్రియ: పోతన పాదం నింపడు. "గమనించి" అనే నేను తీసుకుంట.

మడికొండ: భయపడ్డది ఏం గమనిస్తది సార్, ఇది తేలేది కాదు.