పండక్కి క్రీమ్ ఫ్రూట్ సలాడ్ చేద్దామనుకుంటున్నా, నీళ్ళు ఊరకుండా ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. పండగ రోజు మా ఇంటికి 15 మంది దాకా భోజనానికి వస్తున్నారు, చివర్లో చల్లగా తియ్యగా క్రీమ్ ఫ్రూట్ సలాడ్ పెడదామని ఉంది. పోయినసారి రాత్రే అన్నీ కలిపేసి ఫ్రిజ్‌లో పెట్టా, పొద్దున మూత తీసి చూస్తే గిన్నె అడుగున రెండు వేళ్ళ మందాన పల్చటి నీళ్ళు, పైన తేలుతున్న ముక్కలు, యాపిల్ నల్లబడిపోయింది, నోట్లో పెట్టుకుంటే కాస్త చేదు కూడా. పైనాపిల్, యాపిల్, ద్రాక్ష, అరటిపండు, దానిమ్మ వేశా, క్రీమ్‌లో పంచదార కలిపా. క్రీమ్ పాడైందేమో అనుకున్నా కానీ డేట్ బానే ఉంది. అమ్మకి ఇదంటే చాలా ఇష్టం, ఈసారన్నా బాగా కుదరాలి. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
ఆ చేదు క్రీమ్‌ వల్ల కాదండీ, పైనాపిల్‌ వల్ల. తాజా పైనాపిల్‌లో బ్రొమెలైన్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది, అది పాలల్లో ఉండే ప్రోటీన్‌ని ముక్కలు చేసేస్తుంది, రాత్రంతా ఉంటే చేదెక్కక ఏమవుతుంది. కివీ, బొప్పాయితో కూడా ఇదే సమస్య. పైనాపిల్ ఉండాల్సిందే అనుకుంటే ముక్కల్ని కొంచెం పంచదారతో 5 నిమిషాలు బాగా ఉడికించి, పూర్తిగా చల్లారాక వేసుకోండి, వేడి తగిలితే ఎంజైమ్ పని చెయ్యదు. టిన్‌లో వచ్చేది ముందే వేడి చేసింది కాబట్టి పర్లేదు, కాకపోతే జల్లెడలో వేసి రసమంతా కారిపోనివ్వాలి.

జవాబు 2:
నీళ్ళు ఊరింది పంచదార వల్ల. కోసిన పండు మీద తీపి పడిందంటే లోపలి నీరంతా బయటికి లాగేస్తుంది. కండెన్స్‌డ్ మిల్క్ వాడినా అంతే, అందుకే ఏదైనా సరే రాత్రే కలపకూడదు. నేనైతే 2 కిలోల పండ్లకి 400 మి.లీ. విప్పింగ్ క్రీమ్, 200 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ తీసుకుంటా. కొవ్వు 30 శాతం పైన ఉన్న క్రీమ్ అయితేనే గట్టిపడుతుంది, ప్యాకెట్ మీద చూసి కొనండి. గిన్నె, బీటర్ రెండూ ఓ పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి అప్పుడు గిలక్కొట్టండి. బీటర్ పైకి ఎత్తితే క్రీమ్ కొస మెల్లగా వంగి నిలబడాలి, అక్కడితో ఆపెయ్యాలి. ఇంకొంచెం చూద్దాం అనుకున్నారా, రవ్వ రవ్వగా అయి వెన్న విడిపోతుంది. ఆ తర్వాత కండెన్స్‌డ్ మిల్క్ పోసి గరిటెతో కింద నుంచి పైకి తిప్పుతూ కలపడమే.

జవాబు 3:
పైవాళ్ళు చెప్పింది కరెక్టే. యాపిల్ కొయ్యగానే నిమ్మరసం పట్టించండి, నల్లబడదు. కడిగిన ద్రాక్ష మీద చెమ్మ లేకుండా బట్టతో తుడవండి, ఇది చాలామంది పట్టించుకోరు. దానిమ్మ గింజలు కలిపితే రంగు దిగి క్రీమంతా గులాబీ రంగు అయిపోతుంది, వడ్డించేటప్పుడు పైన చల్లుకుంటేనే అందం. పుచ్చకాయ జోలికి మాత్రం పోకండి, అదంతా నీరే.

ప్రశ్న అడిగినవారు:
అమ్మో, పైనాపిల్ అని అసలు ఊహించలేదు, చాలా థాంక్స్ అండీ. మరి ఆ రోజు వంటంతా నా ఒక్కదాని మీదే, ముందు రోజే చేసి పెట్టుకోగలిగేది ఏమైనా ఉందా?

జవాబు 2:
ఉందమ్మా. పైనాపిల్ ఉడికించి రాత్రే ఫ్రిజ్‌లో పెట్టెయ్, దానిమ్మ ఒలిచి డబ్బాలో ఉంచు, ద్రాక్ష తుడిచి పెట్టుకో. క్రీమ్ కూడా కలిపి మూతపెట్టి విడిగా ఉంచొచ్చు, పొద్దున కాస్త జారుగా అనిపిస్తే ఓసారి గిలక్కొడితే సరి. యాపిల్ మాత్రం ఆ రోజే కోసి, భోజనాలకి గంట ముందు అన్నీ కలిపి మళ్ళీ ఫ్రిజ్‌లోకి. అరటిపండు వడ్డించే ముందు వేస్తే చాలు. బయట పెట్టాక రెండు గంటలకి మించి ఉంచొద్దు, పాలపదార్థం కదా.