అప్‌డేట్: క్రాంక్ తిరిగింది, ఇంజన్ స్టార్ట్ అయింది

పోయిన నెల నేను అడిగింది ఇదీ: గాజువాక ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్టులో కొన్న టాటా 697 లారీ ఇంజన్ బ్లాక్‌లో (సిలిండర్లు ఉండే పెద్ద ఇనుప దిమ్మ) మా లారీ క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పెట్టి, దాన్ని పట్టి ఉంచే మెయిన్ క్యాప్‌లు బిగిస్తే చేత్తో అస్సలు తిరగడం లేదు, ఎందుకని. బేరింగ్ సైజు చూడమని చాలామంది చెప్పారు, చూశాను, సరిగ్గానే ఉంది. ఒకాయన మాత్రం "ఆ క్యాప్‌లు ఆ బ్లాక్‌వేనా?" అని అడిగారు. తప్పు అక్కడే దొరికింది.

ఏడు క్యాప్‌లలో మూడు వేరే ఇంజన్‌వి, కొట్టువాడు గోనెసంచిలోంచి తీసి ఇచ్చాడు. కంపెనీలో క్యాప్‌లు బ్లాక్‌కి బిగించాకే క్రాంక్ కూర్చునే రంధ్రాలు బోర్ కొడతారు కాబట్టి ఏ క్యాప్ దాని చోటుకే సరిపోతుంది, అదే బ్లాక్‌లో స్థానం మార్చినా కుదరదు. పాత బ్లాక్ కొనేవాళ్లు దయచేసి క్యాప్‌ల మీది నంబర్లు చూసుకోండి, క్యాప్‌లు విప్పేసిన బ్లాక్ ఎంత చవకైనా వద్దు.

లేత్ షాపులో క్యాప్‌ల ముఖాలు కొద్దిగా చెక్కి, బిగించి, లైన్ బోరింగ్ (ఆ రంధ్రాలన్నీ ఒకే వరుసలోకి వచ్చేలా మళ్లీ కోయడం) చేయించాను. ఉప్పుగాలికి రెండు సిలిండర్లు తుప్పు పట్టాయి, అందుకని ఆరు లైనర్లూ (సిలిండర్ లోపలి గొట్టాలు) కొత్తవే వేశాను. ఇప్పుడు క్రాంక్ రెండు వేళ్లతో తిరుగుతోంది! నిన్న డీజిల్ లైన్‌లో గాలి తీసి సెల్ఫ్ కొడితే మూడోసారికి అందుకుంది, వేడెక్కాక కూడా ఆయిల్ ప్రెషర్ నిలబడింది, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ప్రశ్న అడిగినాయనకి చాలా థాంక్స్ అండీ.

వచ్చే వారం లోడ్ లేకుండా అనకాపల్లి దాకా వెళ్లొచ్చి, చల్లారాక హెడ్ బోల్టుల బిగువు మళ్లీ చూస్తాను.