మొదటి ప్రపంచ యుద్ధంలో టామీల యాస, పాటలు తెలుగులోకి ఎలా?

ప్రశ్న | కందకం_చదువరి

1914-18 నాటి టామీల, అంటే మామూలు బ్రిటిష్ సోల్జర్ల, ఉత్తరాలు, పాటలు కొన్ని తెలుగు చేస్తున్నాను. బ్లైటీ, కుషీ, డెక్కో, నాపూ, విజ్‌బ్యాంగ్ లాంటి మాటలు అడుగడుగునా తగులుతున్నాయి. కొన్ని మన మాటల్లాగే ఉన్నాయి. వాటి బదులు మన మాటే పెట్టేస్తే సరిపోతుందా? ఫ్రాన్స్ వెళ్లిన మన సిపాయిల దగ్గరే టామీలు ఇవి నేర్చుకున్నారా? పాటలను వచనంలో పెట్టవచ్చా?

జవాబు | పాతపటాలం

సిపాయిల సంగతి ముందు చెప్తాను. మన సిపాయిల లాహోర్, మీరట్ డివిజన్లు 1914 శరత్కాలంలో ఫ్రాన్స్ చేరేనాటికే ఈ హిందుస్తానీ మాటలు టామీల నోళ్లలో నానిపోయి ఉన్నాయి. యుద్ధానికి ముందు వాళ్ల రెగ్యులర్ పటాలాలు ఏళ్ల తరబడి ఇండియా కంటోన్మెంట్లలో ఉండేవి. అక్కడ పట్టుకున్న హిందుస్తానీ ముక్కలను కొత్తగా చేరిన కుర్రాళ్లకు పాతకాపులు అంటించారు.

మన మాటే కదా అని మన అర్థం వేస్తే మాత్రం దెబ్బతింటారు. విలాయతీ (బిలాయతీ అని కూడా అనేవారు) అంటే మనకు పరాయి దేశపుది. అదే మాట అరిగి ‘బ్లైటీ’ అయ్యాక టామీకి సొంతగడ్డ అయింది, అర్థం పూర్తిగా తిరగబడింది. ‘బ్లైటీ వన్’ అంటే ప్రాణం తీయకుండా, ఇంగ్లండుకు పంపక తప్పనంతటి గాయం. జర్మన్లు దాన్నే ‘హైమాట్‌షుస్’, ఇంటికి చేర్చే దెబ్బ, అన్నారు. ఫ్రెంచివాళ్లు ‘మంచి గాయం’ అన్నారు. ఎదురెదురు కందకాల్లో అందరిదీ ఒకటే కోరిక! తెలుగులో ‘ఇంటిదారి గాయం’ అంటే అందుతుంది. బ్లైటీకి ‘సీమ’ అని వేయాలనిపిస్తుంది, సీమదొర, సీమసరుకు ఉన్నాయి కాబట్టి. వద్దు, ఇప్పటి పాఠకుడికి రాయలసీమ తడుతుంది. బ్లైటీ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట వాక్యంలోనే అర్థం తెలిసేలా చేయండి.

కుషీ అంటే ఆనందం కాదు, శ్రమా ప్రమాదమూ లేని డ్యూటీ. పెద్దగా బాధపెట్టని గాయాన్నీ కుషీ అనేవారు. బక్‌షీ అంటే బక్షీసు కాదు, లెక్కకు మించి ఊరికే దొరికిన రేషను. డెక్కో మన ‘దేఖో’నే, కానీ క్రియ కాస్తా నామవాచకమైంది, ‘ఓ చూపు’ అని అర్థం. ‘బేస్ వాలా’లో ఏవగింపు ఉంది. ముందు వరసకు రాకుండా వెనక డిపోల్లో భద్రంగా ఉన్నవాణ్ణి అలా అనేవారు. ‘డిపో ఉద్యోగి’ అని రాస్తే ఆ కోపం పోతుంది.

జవాబు | చెవితో_చదువు

నాపూ, సాన్ ఫెయిరీ ఆన్ రెండూ ఫ్రెంచివే. కాగితం మీద అంతుపట్టవు, పైకి చదివితే దొరుకుతాయి. మొదటిది ‘ఇల్ నీ ఆన్ ఆ ప్లూ’, ఇక లేదు అని. రెండోది ‘స న ఫె రియాఁ’, ఫర్వాలేదు అని. నాపూకు ఒకే తెలుగు మాట ఖాయం చేసుకోకండి. రొట్టె నాపూ అంటే అయిపోయింది, మనిషి నాపూ అంటే చచ్చాడు. ‘అయిపోయాడు’ అన్న మన మాట రెండోదానికి అతుకుతుంది. బెల్జియం ఊళ్ల పేర్లూ అంతే: ఈప్ర్ వైపర్స్ అయింది, ప్లూఖ్‌స్టేర్ట్ ప్లగ్ స్ట్రీట్ అయింది. వాటిని సరిచేయకండి, ఆ వంకరలోనే మనిషి వినిపిస్తాడు.

ఆయుధాల పేర్లలో తప్పులు ఎక్కువ. విజ్‌బ్యాంగ్‌ను ‘భారీ గుండు’ అని రాయడం చూస్తుంటాం. అది 77 మిల్లీమీటర్ల తేలికపాటి జర్మన్ ఫీల్డ్ గన్ షెల్. ధ్వని కంటే వేగంగా బయల్దేరేది, కాబట్టి దగ్గర్నుంచి కాలిస్తే ఫిరంగి మోత చెవిన పడకముందే షెల్ మీద పడేది. ‘విజ్’కూ ‘బ్యాంగ్’కూ మధ్య దాక్కునే వ్యవధి లేకపోవడమే దాని భయం. గుండును ఎత్తుగా విసిరే పెద్ద ఫిరంగి, హౌవిట్జర్, షెల్ అయితే నెమ్మదిగా, చప్పుడు చేసుకుంటూ వచ్చేది. నల్లటి పొగ చిమ్మే 15 సెంటీమీటర్ల షెల్‌కు అప్పటి హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ పేరు పెట్టి ‘జాక్ జాన్సన్’ అన్నారు. ‘మిన్నీ’ ఆడపిల్ల కాదు, జర్మన్ మీనెన్‌వెర్ఫర్ మోర్టార్. ‘టాఫీ యాపిల్’ తినేది కాదు, కడ్డీ చివర గుండ్రటి తలకాయ ఉన్న బ్రిటిష్ మోర్టార్ బాంబు.

జవాబు | అడుగు_తాళం

పాటలను వచనంలో పెడితే చచ్చిపోతాయి. చాలావాటికి చర్చి కీర్తనల వరసే ఆధారం. చర్చి పరేడ్ తప్పనిసరి కాబట్టి ఆ వరసలు అందరికీ కంఠస్థం. గంభీరమైన వరసలో జామ్ గురించో, సార్జెంటు గురించో పాడటంలోనే నవ్వంతా ఉంది. మీ పాఠకులకు తెలిసిన భక్తి వరస ఒకటి ఎంచుకుని, దాని మీద కూర్చండి.

లెక్క ఇదీ. మామూలు కవాతు నిమిషానికి 120 అడుగులు. గంటలో 50 నిమిషాలు నడక, 10 నిమిషాలు విశ్రాంతి. ‘మార్చ్ ఈజీ’ అన్న ఆజ్ఞ పడ్డాకే పాట. చతురశ్రం, అంటే నాలుగేసి మాత్రల నడక, సరిగ్గా కుదురుతుంది. తిశ్రాన్ని రెండు దెబ్బలుగా, అడుగుకు మూడు మాత్రలు చొప్పున కడితే అదీ నడుస్తుంది. అదే మూడు దెబ్బల వాల్ట్జ్ అయితే ఊనిక ఒకసారి ఎడమ కాలి మీద, మరోసారి కుడి కాలి మీద పడి నడక చెడుతుంది. ఖండాన్ని అయిదు దెబ్బలుగా కట్టినా అదే అవస్థ. పల్లవి పొట్టిగా ఉంచండి, బరువు మోస్తున్నవాడికి ఊపిరి చాలదు.

ఇంకో మాట: ముందు వరస కందకంలో గొంతెత్తి పాడే దృశ్యాలు రాయకండి. చప్పుడైతే శత్రువుకు ఆచూకీ దొరుకుతుంది. పాటలు దారిలో, బసల్లో, డివిజన్ వినోద బృందాల ప్రదర్శనల్లో.

ప్రశ్న | కందకం_చదువరి

ధన్యవాదాలండీ. అచ్చులో బూతుల చోట గీతలున్నాయి. వాటిని నింపాలా?

జవాబు | పాతపటాలం

పాట అయితే నింపండి, గీత ఉంటే తాళం తెగుతుంది. మాటల్లో అయితే కాస్త ఆలోచించండి. 1930లో ఈ పాటలనూ యాసనూ కూర్చిన బ్రోఫీ, పార్ట్రిడ్జ్ ఇద్దరూ ఆ యుద్ధంలో పనిచేసినవాళ్లే. వాళ్లు గమనించింది గొప్ప విషయం: బూతు ఎంత మామూలైపోయిందంటే, అది లేకుండా ‘రైఫిళ్లు తీయండి’ అని సార్జెంటు అంటేనే ప్రమాదం ముంచుకొచ్చిందని అర్థం. ప్రతి వాక్యంలోనూ బూతు తీసేసినా, ప్రతి వాక్యంలోనూ పెట్టినా ఆ తేడా పోతుంది. ఉన్నచోట ఉంచండి, లేనిచోట ఎందుకు లేదో చూడండి.

మన సిపాయిల ఉత్తరాలు దొరికితే వాటినీ పక్కన పెట్టుకోండి. సెన్సారు కళ్లు కప్పడానికి వాళ్లు ‘నల్ల మిరియాలు’ అంటే హిందుస్తానీ పటాలాలు, ‘ఎర్ర మిరపకాయలు’ అంటే తెల్లవాళ్లు అన్నట్టు రాసేవారు. మిరియాలు అయిపోయాయన్న మాటను సరుకుల జాబితా అనుకుని అనువదిస్తే ఎంతమంది చనిపోయారన్న కబురు పోతుంది.