రేంజ్ సేఫ్టీ చూసేవాళ్లే స్కోరు కూడా రాయొచ్చా?

ప్రశ్న (కొత్త ఆఫీసర్):
వచ్చే వారం రైఫిల్ ఫైరింగ్‌కి సేఫ్టీ ఆఫీసర్‌గా మొదటిసారి నా పేరు వేశారు. మనుషులు తక్కువని తూటాల లెక్క, స్కోరు కూడా నన్నే రాయమంటున్నారు. మాన్యువల్ చదివాను, అయినా టెన్షన్‌గా ఉంది. రెండూ ఒక్కడినే చూసుకోవచ్చా? అసలు నా కన్ను దేని మీద ఉండాలి?

జవాబు (రిటైర్డ్ రేంజ్ ఇన్‌ఛార్జ్):
స్కోరు పని ఒప్పుకోకండి. ఇక్కడ మొహమాటం పనికిరాదు. స్కోరు రాసేవాళ్లు టార్గెట్‌నీ కాగితాన్నీ చూస్తారు. మీరు చూడాల్సింది కాల్చేవాళ్ల చేతుల్ని. గురి పెట్టనప్పుడు వేలు ట్రిగ్గర్ మీద ఉందా, బారెల్ మూతి ఎటు ఉంది, ఎవరు పక్కకి తిరిగి ఏదో అడగబోతున్నారు... మనిషి తిరిగితే చేతిలో రైఫిలూ తిరుగుతుంది.

ఫైరింగ్ జోరు మీద ఉన్నప్పటికంటే, ఎవరి ఆయుధమైనా ఆగిపోయినప్పుడే నాకు ఎక్కువ భయం. ట్రిగ్గర్ నొక్కినా పేలలేదంటే, కొత్తవాళ్లు వెంటనే తిప్పి చూసుకోబోతారు. లోపల మందు ఆలస్యంగా అంటుకుని ఆ తర్వాత పేలవచ్చు. కాబట్టి మూతి టార్గెట్ వైపే ఉంచి, డ్రిల్‌లో చెప్పినంతసేపు ఆగాకే బోల్ట్ లాగి రైఫిల్ తెరవాలి. వరసగా కాల్చి బారెల్ బాగా వేడెక్కితే సంగతి వేరు. ఆ వేడికే ఛాంబర్‌లో, అంటే బారెల్ వెనక తూటా కూర్చునే చోట, తూటా పేలవచ్చు. రెండింటికీ ఒకే డ్రిల్ కాదు. మీ ఆయుధానికి ఏం చెప్పారో ముందు రోజే ఇంకోసారి చదువుకోండి.

జవాబు (మరో సభ్యుడు):
మా దగ్గర రెండు పనులూ ఒకరే చేస్తారు, ఇప్పటిదాకా ఏమీ కాలేదు. టార్గెట్ల వెనక అంత పెద్ద మట్టి బట్ (తూటాలు ఆపే గట్టు) ఉండగా తూటా ఎక్కడికి పోతుంది?

జవాబు (రిటైర్డ్ రేంజ్ ఇన్‌ఛార్జ్):
బట్ ఆపేది తనకి తగిలిన తూటానే తమ్ముడూ. మూతి కాస్త పైకి లేచిందంటే 5.56 మి.మీ. తూటా దాదాపు 3 కిలోమీటర్లు పోగలదు. రాయికి తగిలి ఎగిరింది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే డేంజర్ ఏరియాని బట్ వెనక్కీ, రెండు పక్కలకీ కూడా గీస్తారు. ఎర్ర జెండాలు, సెంట్రీలు (కాపలావాళ్లు) ఉన్నది అందుకే. ఎవరో మనిషి హద్దులోకి వచ్చాడని సెంట్రీ రేడియోలో చెప్పిన క్షణంలో మీరు మార్కులు కూడుతుంటే ఫైరింగ్ ఎవరు ఆపాలి?

కొత్త ఆఫీసర్:
థాంక్స్ సర్. అడిగాను, స్కోరుకి ఇంకొకరిని ఇస్తామన్నారు. 'సీజ్ ఫైర్' (కాల్పులు ఆపండి) అనే అధికారం నాదొక్కడిదేనా?

జవాబు (రిటైర్డ్ రేంజ్ ఇన్‌ఛార్జ్):
చాలా సంతోషం. ప్రమాదం కనిపిస్తే ఎవరైనా అనొచ్చు, అనాలి. వంటవాడైనా, నిన్న చేరిన జవానైనా సరే. ఆ మాట బ్రీఫింగ్‌లో గట్టిగా చెప్పండి. మళ్లీ మొదలుపెట్టమనేది మాత్రం రేంజ్ నడిపే ఆఫీసర్ ఒక్కరే. ఇంకోటి, టార్గెట్ల దగ్గరికి ఎవరినైనా పంపే ముందు ప్రతి ఛాంబర్‌లోకీ మీరే చూడండి. 'ఖాళీ సర్' అన్న మాట మీద పంపొద్దు.